రాజలింగాన్ని పిలిచిన విధం

1940లో నేను అమీర్‌పేటలో ఒక నవాబుగారి తోటబంగళాలో నడిచే ట్రస్టుకు సెక్రటరీగా చేరాను. సెక్రటరీ అన్నది పెద్ద మాట. ఉత్తరాలు రాయడం, టైపు కొట్టడం, వచ్చిన రాతప్రతులు సరిచూడడం, కమిటీ కూర్చున్నప్పుడు వాటిని పైకి చదివి వినిపించడం నా పని. అప్పటికి అమీర్‌పేట ఊరి చివర ఉండేది. తోటల ప్రహరీలు, వాటి మధ్య పెంకుటిళ్ల బస్తీ. నేను పంజాగుట్టలో ఉండేవాడిని. అక్కడ ఇళ్లకంటే బండలు ఎక్కువ. పొద్దున నడిచి వెళ్లి సాయంత్రం నడిచి వచ్చేవాడిని. ఇంట్లో ఎదురుచూసేవాళ్లు లేరు. నా భార్య కమల అంతకు ముందు ఏడాదే టైఫాయిడ్‌తో పోయింది.

ఆ ట్రస్టు చేసే పనులు రెండు. ఒకటి ఫెలోషిప్. అంటే ఒక మనిషికి ఖర్చులిచ్చి ఆసియాలోనే మరో దేశానికి పంపి, అక్కడివాళ్ల మధ్య బతికి రమ్మనడం. రెండోది పుస్తకానికి బహుమతి. ఆసియాలోని ఒక జాతి గురించి మరో జాతికి అర్థమయ్యేలా రాసిన పుస్తకానికి ఇస్తారు. తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడం, ఏ భాషలోనైనా సరే. నవాబ్ సాబ్ యవ్వనంలో చాలా తిరిగిన మనిషి. నాతో ఉర్దూ కలిసిన తెలుగులో మాట్లాడేవారు. మొదటిరోజే ఆయన నాతో అన్నారు, "లండన్ల గల్లీల పేర్లు మన పిల్లలకు తెలుసు. రంగూన్ల మన పక్కింటోడు ఏం తింటుండో ఎవ్వరికీ తెల్వదు. గదీ నా ఫికర్."

ఫెలోషిప్‌కు ఆయన పెట్టిన షరతులు ఇంకెక్కడా చూడలేదు. వెళ్లినవాడు హోటల్లో ఉండకూడదు, తన వృత్తి చేసేవాళ్ల ఇంట్లోనే ఉండాలి. తల్లిభాషలోనే రాయాలి. రాసిన ప్రతి అధ్యాయాన్ని పూర్తయిన వెంటనే తపాలాలో ఆఫీసుకు పంపాలి. అది మేము కమిటీలో పైకి చదువుకుంటాం. నవాబ్ సాబ్‌కు చూపు తగ్గింది కాబట్టి చదవడం మొదలైందని అందరూ అనుకునేవారు. ఆయన మాత్రం, దూరదేశం మాట కంటితో కాదు, చెవితో వింటేనే పరీక్షకు నిలుస్తుందనేవారు. ఏది నిజమో నాకు తెలియదు. ఏదైతేనేం, ఆ షరతు వల్లనే నేను చెప్పబోయే పుస్తకం మిగిలింది.

నేను చేరిన ఏడాది ఫెలోషిప్ రాజలింగానికి వచ్చింది. సిద్దిపేట నేతపని కుటుంబం. మగ్గం మీద పెరిగి, చదువుకుని, అమీర్‌పేట దగ్గరి బడిలో ఉపాధ్యాయుడయ్యాడు. ముప్పై దాటిన వయసు, తక్కువ మాటలు. బర్మాలో మాండలే పక్కన అమరపురంలో పట్టు నేసేవాళ్ల మధ్య రెండేళ్లు ఉండి వస్తానని దరఖాస్తు పెట్టాడు. ఎందుకని అడిగితే, "వాళ్లు ఒక్క బట్టకు వంద నాడెలు వాడుతరట. ఎందుకో చూడాలె" అన్నాడు. నాడె అంటే అడ్డంగా నేసే పేక దారాన్ని ఇటునుంచి అటు తీసుకుపోయేది. మాకు అలవాటైన దరఖాస్తులన్నీ నాగరికత, సంస్కృతి అంటూ మొదలయ్యేవి. ఇతను నాడెలతో మొదలుపెట్టాడు. నవాబ్ సాబ్ వెంటనే ఒప్పుకున్నారు.

అతని భార్య నర్సుబాయి బస్తీలోనే ఉండిపోయింది. ఖాసిం భాయ్ అనే దర్జీ ఆమెకు కుట్టుపని ఇచ్చేవాడు. తర్వాత ఏడాది తిరక్కుండానే ఖాసిం కూడా, రంగూన్‌లో సంపాదన బాగుందని విని, దుకాణం తమ్ముడికి అప్పగించి బర్మా ఓడ ఎక్కాడు.

అధ్యాయాలు వస్తూ ఉండేవి. రాజలింగం రాత అతని మాటలాగే ఉండేది. ఇంట్లో ఏ మూల ఏముంటుంది, అన్నంలోకి ఏం వేసుకుంటారు, మగ్గం ముందు ఇద్దరు ఆడవాళ్లు పక్కపక్కనే కూర్చుని ఒకే బట్టను ఎలా నేస్తారు, నాడెలు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి ఎలా పోతాయి. ఆ నేత చూసి తనకు మొదట తల తిరిగిందని, వాళ్లు తన వేళ్లు చూసి నవ్వారని రాశాడు. నేను చదువుతుంటే నవాబ్ సాబ్ కళ్లు మూసుకుని వినేవారు. కమిటీలో ఇంకో ముఖ్యుడు ప్రొఫెసర్ గారు, కోస్తా నుంచి వచ్చి కాలేజీలో చరిత్ర చెప్పేవారు. "ఈ మనిషికి విశేషణాలు రావు. అదృష్టవంతుడు" అని మెచ్చుకునేవారు.

1941 చివర్లో యుద్ధం బర్మాకు వచ్చింది. రంగూన్ మీద బాంబులు పడ్డాయని పత్రికల్లో చదివాం. అధ్యాయాలు ఆగిపోయాయి. మరుసటి ఏడాది బర్మా నుంచి మనవాళ్లు లక్షలుగా కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు. దారిలోనే చాలామంది పోయారు. ఖాసిం భాయ్ వచ్చాడు. రాజలింగం రాలేదు.

నర్సుబాయి వారానికి ఒకసారి ఆఫీసుకు వచ్చేది. గుమ్మం బయటే నిలబడి, "సారూ, ఏమన్న వచ్చిందా?" అని అడిగేది. "లేదమ్మా" అనేవాడిని. కుట్టడానికి బేగంపేట బంగళాల నుంచి తెచ్చిన బట్టల మూట చంకలో ఉండేది. ఒక్కోసారి వెంటనే వెళ్లేది కాదు. మా తోటమాలి ఆమెను ఆటపట్టించేవాడు.

"అక్కా, మీయాయన రంగూన్ల రాణిని చేసుకున్నడట, నిజమేనా?"

"చేసుకుంటే చేసుకోనీ. రాణికి అన్నం వండరాదట. పాపం, ఆయనే వండి పెడుతుండచ్చు."

అలా అని నవ్వేది. కానీ సిద్దిపేటలో అత్తవారి వైపు ఆ మాట ఆటగా అనలేదు. పోయినవాడు అక్కడ ఆడమనిషిని పెట్టుకుని ఉండిపోయాడని, పుస్తకం గిస్తకం అంతా ఉత్తమాటని తేల్చేశారు. ఆ సంగతి ఆమె ఒకసారి నాతో చెప్పింది. "గా పుస్తకం అచ్చయితే వాళ్ల ముంగట పెడ్త సారూ. రెండేండ్లు ఏం జేసిండో చదువుకోండ్రి అంట. నాకు గంతే కావాలె."

నాకు అప్పుడు ఆమె మీద జాలితో పాటు మరొకటి కూడా ఉండేది. దానికి అసూయ అన్నదే సరైన పేరు. కమల విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. నా చేతుల్లోనే పోయింది. చేయవలసినవన్నీ శాస్త్రప్రకారం చేశాను. పన్నెండోరోజుకి అన్నీ ముగిశాయని పురోహితుడు చెప్పాడు, బంధువులు బండెక్కారు. నర్సుబాయికి అడగడానికి ఒక గుమ్మం ఉంది. సందేహం లేకపోవడం కూడా ఒక లోటే.

యుద్ధం ముగిసింది. 1945 చలికాలంలో బహుమతి కమిటీ మళ్లీ కూర్చుంది. యుద్ధం వల్ల మధ్యలో బహుమతులు ఇవ్వలేదు. వచ్చిన పుస్తకాలన్నీ చూశాక నవాబ్ సాబ్, "రాజలింగం కాగితాలు తెండి" అన్నారు. చివరి అధ్యాయం లేదు, అయినా ఉన్నంత వరకు అచ్చుకు నిలుస్తుందని సభ్యులందరూ ఒప్పుకున్నారు. బహుమతి దానికే అని తేలింది. తేలాక అసలు చిక్కు మొదలైంది.

ట్రస్టు దస్తావేజులో బహుమతి ఇచ్చే పద్ధతి రాసి ఉంది. సభ జరిగినప్పుడు సెక్రటరీ రచయిత పేరు పిలవాలి. రచయిత లేచి "హాజిర్" అనాలి, కచేరీల్లో, బడుల్లో అన్నట్టే. అప్పుడు సైటేషన్ చదువుతారు. సైటేషన్ అంటే ఈ పుస్తకానికి ఎందుకు ఇస్తున్నామో చెప్పే నాలుగు వాక్యాలు. తర్వాత శాలువా కప్పుతారు. రచయిత చనిపోయి ఉంటే పేరు ముందు "మర్హూమ్" అని, అంటే కీర్తిశేషులని, చేర్చి పిలవాలి. సభ లేచి నిలబడుతుంది, వారసులు వచ్చి అందుకుంటారు. అందుకున్న తర్వాతే పుస్తకం అచ్చుకు వెళుతుంది. అందుకోనివారి పుస్తకం అచ్చు వేయడానికి ట్రస్టుకు అధికారం లేదు. ఈ రెండు దారులే ఉన్నాయి. ఉన్నాడో లేడో తెలియనివాడిని ఎలా పిలవాలో దస్తావేజు చెప్పలేదు.

ప్రొఫెసర్ గారు నెమ్మదిగానే అన్నారు, "చూడండి, చట్టం ప్రకారం కబురు లేకుండా ఏడేళ్లు గడిస్తే చనిపోయినట్టు లెక్క. మన శాస్త్రమైతే పన్నెండేళ్లంటుంది. అప్పటిదాకా ఆగితే మంచిదే. కానీ ఆగగలమా?"

ఆగలేమని అందరికీ తెలుసు. నవాబ్ సాబ్‌కు ఆ ఏడాది రెండుసార్లు గుండెనొప్పి వచ్చింది. ఆయన తర్వాత ట్రస్టు చూడవలసిన మేనల్లుళ్లకు గుర్రప్పందేల మీద ఉన్న ఇష్టం పుస్తకాల మీద లేదు. అదే చివరి బహుమతి కావచ్చు.

"మా ఫిఖ్‌లో, మా ధర్మశాస్త్రంల, కొందరు ఆలిములు నాలుగేండ్లు అన్నరు" అన్నారు నవాబ్ సాబ్. "నాలుగు దాదాపు అయినయి. కానీ గది పెండ్లాం మళ్ల నికా చేసుకోవచ్చా అన్న సవాలుకు జవాబు. గీ సవాలుకు కాదు."

"అయితే ఆమెనే అడుగుదాం. ఆమె సరేనంటే మర్హూమ్ అని పిలుద్దాం. పుస్తకమైనా దక్కుతుంది" అన్నారు ప్రొఫెసర్ గారు.

ఆ మాట అడగడానికి నన్ను పంపారు.

ఖాసిం భాయ్ దుకాణం బస్తీ సందులో ఉండేది. నేను వెళ్లేసరికి అతను కత్తెరతో గుడ్డ కోస్తున్నాడు, నర్సుబాయి గుమ్మం దగ్గర కూర్చుని కాజాలు కుడుతోంది. నాకు చెప్పడం చేతకాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె సూది ఆపకుండా విన్నది. అంతా అయ్యాక తలెత్తింది.

"అంటే ఆయన పేరు ముంగట గా ముక్క పెడితే నా బొట్టు పోతది. పెట్టకపోతే పుస్తకం పోతది. గంతేనా సారూ?"

"అంతేనమ్మా."

"మంచిగున్నది" అని మళ్లీ కాజా కుట్టడం మొదలుపెట్టింది. కాసేపటికి, "మా అత్తగారోళ్లకు గా ముక్క దొరికితే చాలు. అదే పొద్దు వచ్చి గాజులు పగలగొడ్తరు. పసుపు కుంకుమకు నేను ఏడుస్త అనుకోకుండ్రి సారూ. కానీ చచ్చిండని నా నోటితోని నేను ఎట్ల అంట? రేపు గుమ్మంల వచ్చి నిలబడితే, 'నువ్వు చచ్చినవని నేనే చెప్పిన, పుస్తకం కోసం' అని అన్నం పెట్టాల్నా?"

కమిటీ మరొకటి కూడా అడగమంది. రాజలింగాన్ని చివరిసారి చూసినవాడు ఖాసిం భాయే. అతను సాక్ష్యం చెబితే ఆమె మీద భారం ఉండదని వాళ్ల ఆలోచన. ఆ సంగతి చెప్పగానే ఖాసిం కత్తెర కింద పెట్టాడు.

"చూసింది చెప్త సాబ్. మాండలే టేషన్ కాడ కలిసిండు. ఊరంత మండుతున్నది. నాతోని నడువు అన్న. 'కాగితాలు అమరపురంల ఉన్నయి, ఆఖరి పాఠం రాసి పెట్టిన, తెచ్చుకుంట, నువ్వు నడుస్తుండు, అందుకుంట' అన్నడు. పోయిండు. నేను ఈపు చూసిన. గంతే చూసిన."

"దారిలో అతను అందుకోలేదు కదా?"

"అందుకోలే. దారిల మస్తు మంది అందుకోలే. వాళ్లల్ల కొందరు మల్ల ఏడాదికి గిదే గల్లీకి వచ్చిన్రు. ఈపు చూసినోన్ని మయ్యత్‌కు, సావుకు సాక్ష్యం చెప్పమంటే ఎట్ల చెప్త? అల్లా అడిగితే నేనేమనాలె?"

నర్సుబాయి అతని వైపు చూడలేదు. దారం కొరికి, "ఖాసిం భాయ్, గా తెల్ల చొక్కకు గుండీలు ఇంక ఇయ్యలె" అంది. ఇస్తా ఇస్తా అని అతను డబ్బాలో వెతకడం మొదలుపెట్టాడు. ఆ సంగతి అక్కడితో ముగిసింది.

నేను తిరిగివచ్చి ఇద్దరూ కాదన్నారని చెప్పాను. ప్రొఫెసర్ గారు నిట్టూర్చి, అయితే బహుమతి రెండో పుస్తకానికి ఇవ్వక తప్పదన్నారు. ఆయన తప్పు మాట అనలేదు. రెండో పుస్తకం ఇరాన్ గురించి ఉర్దూలో వచ్చింది, మంచి పుస్తకమే. నవాబ్ సాబ్ ఏమీ తేల్చలేదు. దస్తావేజు ప్రకారం బహుమతి మార్చేముందు మొదటి పుస్తకాన్ని ఇంకొకసారి పూర్తిగా వినాలి. ఆ పద్ధతి ఆయన తప్పనివ్వరు. అందుకని మూడు నాలుగు మధ్యాహ్నాలు మళ్లీ చదివాను.

చివరి రోజున వచ్చిన అధ్యాయం అప్పటిదాకా ఎవరికీ పెద్దగా గుర్తులేనిది. వానాకాలం వెళ్లాక అక్కడి ఆడపిల్లలు ఒక రాత్రిలో బట్ట నేసి, తెల్లవారేసరికి బుద్ధుడికి సమర్పించే పండుగ గురించి. మగ్గాల వరస, దీపాలు, పోటీ, ఇవన్నీ ఉన్నాయి. తర్వాత ఈ భాగం వచ్చింది. రాజలింగం మాటల్లోనే రాస్తున్నాను:

"దానం అయిన తర్వాత, నేనుండే ఇంటి పెద్దావిడ నీళ్లు ధారగా వదిలి, మూడుసార్లు గట్టిగా పిలిచింది. 'మీ పాలు తీసుకోండి' అని దాని అర్థం. పాలు అంటే వాటా. చేసిన పుణ్యంలో అందరికీ పాలుందట. ఎవరిని పిలుస్తున్నావమ్మా అని అడిగాను. వినగలిగినవాళ్లందరినీ అన్నది. చనిపోయినవాళ్లనా, బతికున్నవాళ్లనా అని అడిగాను. అది మేం అడగం అన్నది. పిలవడం మా పని, తీసుకోవడం వాళ్ల పని అన్నది. రెండోసారి పిలిచినప్పుడు నేను మా నాయన పేరు తలచుకున్నాను. మూడోసారి నర్సు పేరు తలచుకున్నాను. ఒకరు లేరు, ఒకరు ఉన్నారు. ఇద్దరికీ ఒకే పిలుపు సరిపోయింది."

నేను పేజీ తిప్పబోయాను.

"మళ్ల చదువుండి" అన్నారు నవాబ్ సాబ్.

చదివాను. బయట బేగంపేట వైపు ఏదో విమానం దిగుతున్న చప్పుడు. అది ఆగేదాకా ఆయన ఆగారు.

"గట్లనే పిలుద్దాం" అన్నారు.

ప్రొఫెసర్ గారికి వెంటనే అర్థమైంది. కానీ ఒప్పుకోలేదు. "నవాబ్ సాహెబ్, దస్తావేజులో రెండే పద్ధతులున్నాయి. మూడోది లేదు. రేపు మీ మేనల్లుళ్లు కోర్టుకు వెళితే?"

"గా దస్తావేజు రాసింది నేనే ప్రొఫెసర్ సాబ్. రాసినప్పుడు నేను గీ పుస్తకం వినలె" అన్నారు ఆయన. "బర్మావాళ్ల సంగతి మనకు అర్థం కావాలె అని బహుమతి పెట్టిన. అర్థమైనంక సుత మనం మన తీరుగనే నడిస్తే, ఇంక అర్థమైంది ఏంది?"

ప్రొఫెసర్ గారు కళ్లజోడు తుడుచుకుని, దస్తావేజుకు చేర్చవలసిన సవరణ వాక్యం తనే రాసి ఇచ్చారు. సంతకాలు పెట్టించి రిజిస్ట్రీకి పంపాం. ఆయన రాసిన ఆ వాక్యంలో కూడా ఒక్క విశేషణం లేదు.

మళ్లీ నేనే బస్తీకి వెళ్లాను. ఈసారి ఆ అధ్యాయం వెంట తీసుకెళ్లాను. అధ్యాయాలు మా ఆఫీసుకే వచ్చేవి కాబట్టి ఆమె దాన్ని చూడలేదు. రాజలింగం ఆమెకు చదవడం నేర్పాడు. కూడబలుక్కుని చదువుతుంది. నేను చదవనా అంటే వద్దంది. వేలు పెట్టి ఒక్కొక్క మాటే చదివింది. ఒకచోట వేలు ఆగిపోయింది.

"నర్సు అని రాసిండా?"

"అవునమ్మా."

"ఇంట్ల ఎన్నడూ పేరు పెట్టి పిలవలె సారూ. 'ఓయ్' అనెటోడు. లేకుంటే 'విన్నవా' అనెటోడు. నా పేరు ఆయనకు యాదికున్నదో లేదో అని నవ్వెదాన్ని." కాగితం నా చేతికి ఇచ్చేసి కొంగుతో చేతులు తుడుచుకుంది. "గట్ల పిలుస్తే ఆయన ఉన్నట్టా, లేనట్టా?"

"రెండూ అనం. పిలుస్తాం అంతే."

"పుస్తకం అచ్చు ఏస్తరా?"

"వేస్తాం."

"మా అత్తగారోళ్లు అడిగితే?"

మా వెనక మిషన్ దగ్గర కూర్చున్న ఖాసిం భాయ్, "వాళ్లకు నేను చెప్త బేటీ. కమిటీ పెద్దోళ్లే చెప్పలేంది మీరెట్ల చెప్తరు అని అడుగుత" అన్నాడు. ఆమె నవ్వింది. సరే, పిలవండ్రి అంది.

సభ 1946 మొదట్లో ఆ బంగళా హాల్లోనే జరిగింది. పెద్ద జనం లేరు. కాలేజీ వాళ్లు కొందరు, బస్తీ వాళ్లు కొందరు. ఖాసిం భాయ్ ఇస్త్రీ చేసిన షేర్వాణీతో వెనక వరసలో కూర్చున్నాడు. ఇరాన్ పుస్తకం రాసినాయన కూడా వచ్చారు, ఆయన పెద్దమనసును ఇప్పటికీ తలచుకుంటాను. సైటేషన్ నేనే రాశాను. "వంద నాడెలతో నేసే ఒక ఊరిని, ఒక్క నాడె తెలిసిన ఊరికి అర్థమయ్యేలా చెప్పిన పుస్తకం" అని మొదట రాసి, బాగుందనిపించి, బాగుండడం కోసం రాశానని తోచి కొట్టేశాను. "రచయిత అక్కడ రెండేళ్లు ఉన్నాడు. చూసింది రాశాడు" అని పెట్టాను.

తర్వాత పిలవవలసి వచ్చింది. మామూలుగా పేరు ఒక్కసారి పిలిచి ఆగేవాడిని. ఆ రోజు పేరు పిలిచి, "ఎక్కడున్నా మీ పాలు తీసుకోండి" అని చేర్చాను. ఎవరూ లేచి నిలబడలేదు. ఎవరూ హాజిర్ అనలేదు. రెండోసారి పిలిచాను. నర్సుబాయి నేల వైపు చూస్తోంది. మూడోసారి పిలిచేటప్పుడు రాజలింగం పేరు నోట్లో ఉండగానే కమల పేరు లోపల వచ్చింది. నేను పిలవలేదు, అదే వచ్చింది. ఏడేళ్లుగా ఆమెకోసం చేయవలసినవన్నీ చేశాను, తద్దినాలు పెట్టాను. అన్నిటిలోనూ ఆమె లేదన్న సంగతి ముందుగా చెప్పుకునే చేశాను. ఆ సంగతి చెప్పకుండా ఆమెను తలచుకోవడం అదే మొదటిసారి.

నవాబ్ సాబ్ శాలువా పట్టుకుని నర్సుబాయి దగ్గరికి తనే నడిచి వెళ్లారు. కప్పలేదు. మడతపెట్టి ఉన్నదాన్ని ఆమె చేతిలో పెట్టారు.

"అమ్మా, గిది రాజలింగం పాలు. మీ తాన ఉంచుండి."

"ఎన్నొద్దులు ఉంచాలె సర్కార్?"

"ఆయన వచ్చేదాక. లేకుంటే మీకు చాలు అనిపించేదాక."

పుస్తకం అచ్చు కావడానికి ఏడాది పైన పట్టింది. యుద్ధం తర్వాత కాగితం దొరకడమే కష్టంగా ఉండేది. ప్రూఫులు, అంటే తప్పులు దిద్దడానికి ముందుగా తీసే అచ్చు కాగితాలు, వచ్చినవి వచ్చినట్టు నవాబ్ సాబ్‌కు చదివి వినిపించాను. చివరి ప్రూఫు దాకా విన్నారు. కుట్టిన పుస్తకం చూడకుండానే పోయారు. చివరి అధ్యాయం ఉండవలసిన చోట ఎవరితోనైనా ముగింపు రాయించుదామని ప్రెస్సువాళ్లు అన్నారు. ప్రొఫెసర్ గారే వద్దన్నారు. పుస్తకం ఆగినచోటే ఆగింది.

నర్సుబాయి రెండు ప్రతులు తీసుకుని సిద్దిపేట వెళ్లింది. వచ్చాక ఏమైందని అడిగాను. "మామ రెండొద్దులు కూసొని చదివిండు సారూ. ఏమనలె. మూడో పొద్దు మగ్గం కాడికి పోయి, గీ వంద నాడెల సంగతి అబద్ధమే అయ్యుంటది అన్నడు. గప్పుడు నాకు తెలిసింది, మిగిలిందంత నమ్మిండని."

ఆమె మరొకటి అడిగింది. అమరపురంలో ఆ ఇంటి పెద్దావిడకు ఒక ప్రతి పంపాలని. వాళ్లకు తెలుగు రాదు కదా అన్నాను. "ఆయన పేరు చదవకున్నా బొమ్మ చూస్తరు" అంది. పుస్తకం మొదట్లో మగ్గం బొమ్మ వేయించాం, రాజలింగం గీసి పంపిందే. ఫెలోషిప్ కాగితాల్లో ఉన్న చిరునామాకు రిజిస్టరు పార్సెల్ కట్టి పంపాను. ఆ ఇల్లు ఉందో లేదో, ఆ వీధి ఉందో లేదో తెలియదు.

1948 తర్వాత ట్రస్టు మూతపడింది. బంగళా చేతులు మారింది. నేను వేరే ఆఫీసులో చేరాను, కానీ పంజాగుట్టలోనే ఉన్నాను. ఆ కొద్ది సంవత్సరాలలో ఎన్నో రాతప్రతులు చదివాను. మరో దేశం గురించి రాసిన మంచి పుస్తకం మనకు కొత్త సంగతులు తెలపడంతో ఆగదని, మన ఇంట్లో మనకు దారి లేనిచోట ఒక దారి చూపగలదని ఈ ఒక్క పుస్తకం దగ్గరే నేర్చుకున్నాను. అంతకు ముందు ఆ మాట సైటేషన్లలో చాలాసార్లు రాశాను, తెలియకుండానే.

పార్సెల్ అందినట్టు రసీదు రాలేదు. అందకపోతే వెనక్కి రావాలి, అదీ రాలేదు. అమీర్‌పేట తపాలా ఆఫీసులో అడుగుతూనే ఉండేవాడిని. ఒకరోజు దారిలో నర్సుబాయి ఎదురైంది. మూట చంకలో, బొట్టు నుదుట. ఇంకా ఏ సంగతీ తెలియలేదని చెప్పాను.

"తిరిగి రాలేదంటే, ఎవరో తీసుకున్నట్టే గద సారూ" అంది.

ఆ తర్వాత ఆమె ఆ పార్సెల్ గురించి ఎప్పుడూ ఎత్తలేదు. నేను మాత్రం తపాలా ఆఫీసులో అడగడం మానలేదు.